నోరు నొక్కి పోయకండి: కుక్కకు మందు వేసేవాళ్లు వినకూడని ఎనిమిది సలహాలు

కొల్లేటికోటలో ఒక కుక్క నలతగా పడుకుందంటే సాయంత్రానికల్లా దాని చుట్టూ నలుగురు చేరతారు. నలుగురి దగ్గరా నాలుగు సలహాలుంటాయి. చెప్పేవాళ్లంతా మంచివాళ్లే, ఆ మూగజీవి లేచి తిరగాలన్నదే అందరి కోరిక. కానీ ఆ సలహాల్లో చాలావాటిని పాటిస్తే కుక్కకు రోగం కన్నా ఎక్కువ హాని జరుగుతుంది. అందుకే వాటిని ఒక్కొక్కటిగా చెప్పి, ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

మన వైపు కుక్క ఊరికే పెంచుకునే జంతువు కాదు. ఏలూరు, కైకలూరు, ఆకివీడు మధ్య ఉన్న చేపల చెరువుల్లో రాత్రి కాపలా సగం దానిదే. కాపలా మకాంలో మనిషి కునుకు తీసినా గట్టు మీద అది మేలుకుని ఉంటుంది. అలాంటి కుక్కను ఎక్కువగా పడగొట్టేది గోమారి జ్వరం. కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమార్లు గడ్డిలో కన్నా మనుషులు, కుక్కలు ఉండే చోటే ఎక్కువగా కాపురం పెడతాయి. గోడ పగుళ్లలో, నులకమంచం కోళ్ల సందుల్లో దాక్కుని గుడ్లు పెడతాయి. అవి కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కుక్క రక్తంలోకి చేరుతుంది. జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు వెంట రక్తం కారుతుంది. దీనికి మంచి మందే ఉంది, పేరు డాక్సీసైక్లిన్. కాకపోతే దాన్ని సాధారణంగా 28 రోజులు వేయాలి.

ఈ 28 అన్న అంకె దగ్గరే అసలు సంగతంతా ఉంది. మందు వేయడం ఒక్క రోజుతో తీరేది కాదు. ఇవ్వాళ మీరు ఎలా వేశారన్న దాన్ని బట్టి రేపు కుక్క మీ దగ్గరికి వస్తుందా, మంచం కిందికి దూరుతుందా అన్నది తేలుతుంది. కింద చెప్పే తప్పుడు సలహాలన్నీ ఇవ్వాళ్టి బిళ్లను మింగించి రేపటి బిళ్లను పోగొట్టేవే. కొన్నయితే కుక్క ప్రాణానికే ముప్పు తెస్తాయి.

మొదటి సలహా: “అన్నంలో కలిపెయ్యండి, తెలియకుండా తినేస్తుంది.”

తెలుస్తుంది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50 లక్షలుంటే కుక్క ముక్కులో పది కోట్లు దాటి ఉంటాయి. గిన్నెడు అన్నంలో ఎక్కడో ఉన్న బిళ్లను అది ముక్కుతోనే పట్టేస్తుంది. చుట్టూ ఉన్న అన్నమంతా నాకేసి, బిళ్లను గిన్నె అడుగున శుభ్రంగా వదిలేస్తుంది. అంతటితో పోతే ఫర్వాలేదు. అసలే ఆకలి చచ్చిన కుక్క ఆ గిన్నె దగ్గరికి రావడమే మానేయవచ్చు. అప్పుడు మందూ పోయింది, తిండీ పోయింది. సగం తిని వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో చెప్పలేం. గట్టు మీద మూడు కుక్కలుంటే జబ్బు లేని కుక్క వచ్చి ఆ మిగతా సగం తినిపోతుంది. తినే గిన్నె తినడానికే ఉండాలి. మందు మీ చేతి నుంచి, మీ కళ్లెదుట, చిన్న ముద్దలో వెళ్లాలి.

రెండో సలహా: “పొడి చేసి తేనెలోనో బెల్లంలోనో నాకించండి.”

చాలా మాత్రల చేదు లోపలే ఉంటుంది, పైపూత దాన్ని దాస్తుంది. నూరితే ఆ చేదంతా బయటపడుతుంది. విరేచనాలకు డాక్టర్లు రాసే మెట్రోనిడజోల్‌ను నూరి ఒక్కసారి నాకించి చూడండి: నోటి నిండా నురగ కక్కుతుంది, తల విదిలిస్తుంది, ఆ తర్వాత తేనె వాసన వస్తేనే పారిపోతుంది. పైగా కొన్ని మాత్రలకు పూత వేసేది కడుపులోని ఆమ్లంలో పాడవకుండా పేగుల దాకా చేరడానికి. నూరితే ఆ పని చెడుతుంది. క్యాప్సూల్ విప్పి పొడి రాల్చడం కూడా ఇలాంటిదే. బిళ్లను విరవవచ్చా, నూరవచ్చా అని మందు తీసుకునేటప్పుడే డాక్టరుగారిని అడగండి. ఆయన సరేనంటేనే చేయండి.

మూడో సలహా: “పడుకోబెట్టి, ముక్కు మూసి, గొట్టంతో పోసెయ్యండి. అదే మింగుతుంది.”

ఈ ఎనిమిదింటిలో అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది ఇదే, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. గేదెలకు వెదురు గొట్టంతో మందు పట్టించిన అలవాటు కుక్కల మీదికి వచ్చింది. గేదెలకు కూడా తల మరీ పైకెత్తి గబగబా పోస్తే పొరపోయే ప్రమాదం ఉంది. కుక్కకైతే ఇంకా ఎక్కువ. ఒకరు కాళ్లు, ఒకరు తల పట్టుకుని వెల్లకిలా పడేసి, ముక్కు మూస్తే దానికి ఊపిరాడాలంటే నోరొక్కటే దారి. ఆ నోటి నిండా మందు ఉంటే ఊపిరితో పాటు మందూ లోపలికి పోతుంది, కానీ పోయేది పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి. రెండు రోజుల్లో రొప్పు, జ్వరం, న్యుమోనియా. కషాయమైనా, ఆముదమైనా, వంటనూనె అయినా ఇదే జరుగుతుంది. నూనెలతో ఇంకా అపాయం, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి జారినా వెంటనే దగ్గు రాదు.

ద్రవ మందు పోయాల్సి వస్తే సూది తీసేసిన సిరంజి చాలు. కుక్కను కూర్చోబెట్టండి, తల మామూలుగా ఉన్న ఎత్తులోనే ఉంచండి. పెదవి మూల దగ్గర బుగ్గను రెండు వేళ్లతో కాస్త బయటికి లాగితే పళ్లకూ బుగ్గకూ మధ్య చిన్న సంచిలా వస్తుంది. సిరంజి కొన అక్కడ పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. గుటక పడ్డాక మళ్లీ కొంచెం. దగ్గితే ఆపండి. మందు కాస్త నేలపాలైనా నష్టం లేదు.

నాలుగో సలహా: “మనం వేసుకునే బిళ్లలో సగం వెయ్యండి, జ్వరం దిగిపోతుంది.”

వద్దే వద్దు. మన ఒంట్లో సులువుగా విరిగిపోయే మందులు కుక్క ఒంట్లో అలా విరగవు. పారాసిటమాల్ కుక్క లివర్‌ను దెబ్బతీస్తుంది, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని పోగొడుతుంది, చిగుళ్లు మట్టిరంగులోకి మారతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, రక్తవాంతులు చేయిస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్‌తో వైద్యం చేసిన పశువుల కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అయినా మనుషుల మందుల షాపులో అది దొరుకుతూనే ఉంది, మకాంలో ఒళ్లునొప్పులకు దాచుకున్న స్ట్రిప్పులో ఉంటూనే ఉంది. ఆ స్ట్రిప్పును కుక్క అందుకోలేని ఎత్తులో పెట్టండి.

ఐదో సలహా: “చేప పులుసు ముక్కలో పెట్టి ఇవ్వండి, కాదంటే పాలల్లో వెయ్యండి.”

చేప మంచిదే, పులుసు మంచిది కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. గోమారి జ్వరంతో రక్తం తగ్గి చిగుళ్లు తెల్లబడిన కుక్కకు ఉల్లిపాయ పులుసు పెట్టడమంటే ఉన్న కాస్త రక్తాన్నీ తీసేయడమే. ముళ్ల సంగతి సరేసరి. బొచ్చె, శీలావతి కండ నిండా రెండుగా చీలిన సన్నముళ్లుంటాయి, ఎంత ఏరినా ఇంకొకటి మిగిలే ఉంటుంది. అది గొంతులో గుచ్చుకుంటే కుక్క ఆ రోజు నుంచి మీ చేతిలో ముద్దనే నమ్మదు. చేపే పెట్టాలనుకుంటే కొర్రమీను పెట్టండి. దానికి నడిమి ముల్లు తీసేస్తే కండలో సన్నముళ్లు తక్కువ. ఉప్పు, కారం, పులుపు ఏవీ వేయకుండా ఉత్త నీళ్లలో ఉడికించి, చల్లారాక వేళ్లతో నలిపి చూసుకుని, ఉసిరికాయంత ముద్దలు కట్టండి. చేప లేని రోజున ఉడికిన గుడ్డు, ఎముక లేని కోడిమాంసం సరిపోతాయి.

పాలు, పెరుగు డాక్సీసైక్లిన్‌తో కలపకండి. వాటిలోని కాల్షియం మందును పట్టేసుకుని ఒంటికి అందే మోతాదును తగ్గిస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల కోసం చక్కెర లేకుండా చేసిన మిఠాయిలు, చూయింగ్ గమ్, వేరుశనగ వెన్న లాంటివి అసలే వద్దు. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, లివర్‌ను చంపేస్తుంది.

ఆరో సలహా: “ఈ బిళ్లలన్నీ ఎందుకు? చెరువు మందు కాస్త నీళ్లలో కలిపి పూసెయ్యండి, గోమార్లు రాలిపోతాయి.”

ఇది మన ప్రాంతానికే ప్రత్యేకమైన సలహా. చేపలకు పేను పట్టినప్పుడు చెరువులో వేసే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఐవర్‌మెక్టిన్ డబ్బాలు ప్రతి మకాంలోనూ కనపడతాయి. అవి ఎకరాల కొద్దీ నీళ్లలో కలపడానికి చేసిన గాఢత. కుక్క తన ఒళ్లు తానే నాక్కుంటుంది, పూసింది పూసినట్టు కడుపులోకి పోతుంది. వణుకు, మూర్ఛ, తూలుడు వస్తాయి. గేదెకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మిగిలిందని కుక్కకు చేయడం కూడా ఇంతే ప్రమాదం. వందల కిలోల పశువుకు లెక్కకట్టిన మందులో చుక్క తేడా వచ్చినా పదిహేను కిలోల కుక్క తట్టుకోలేదు. వాడేసిన ఇంజనాయిలు, కిరోసిను పూయమనేవాళ్ల మాట కూడా వినకండి. వాటితో చర్మం కాలుతుంది, గోమారి మాత్రం చెవి లోపలే ఉంటుంది. గోమార్లకు కుక్కల కోసమే తయారైన బిళ్లలు, మెడ మీద వేసే చుక్కల మందులు ఉన్నాయి. దాంతో పాటు మకాం గోడ పగుళ్లు పూడ్చండి, మంచం ఎండలో వేయండి.

మోతాదు అంతా బరువు మీదే ఉంటుంది కాబట్టి బరువును అంచనాగా చెప్పకండి. కాటా లేని ఊరు మన కొల్లేరులో లేదు. పట్టుబడి రోజున చేపలు తూచే కాటా మీద కుక్కను ఎత్తుకుని ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. ఇద్దరూ కలిసి 80 కిలోలు, మీరు 62 కిలోలు అయితే కుక్క 18 కిలోలు. ఆ అంకె పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏడో సలహా: “లేచి తిరుగుతోందిగా, ఇక ఆపెయ్యండి.”

డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లోనే చాలా కుక్కలు తేరుకుంటాయి. తోక ఊపుతాయి, తిండి అడుగుతాయి. ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. సరిగ్గా అక్కడే మందు ఆగిపోతుంది. కానీ సూక్ష్మజీవి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, నెలల తర్వాత మళ్లీ లేచి ఎముకల మూలుగను దెబ్బతీస్తుంది. ఆ దశలో కుక్కను కాపాడుకోవడం చాలా కష్టం. మూర్ఛకు ఫినోబార్బిటాల్ వేస్తున్న కుక్కకైతే ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. తెరిపి లేకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు.

లంక గ్రామాల వాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంకల రోడ్లు నీట మునిగాయి. మందుల షాపుకు వెళ్లే దారే లేదు. వానాకాలంలో కోర్సు మొదలుపెడితే వారానికి సరిపడా కాకుండా మొత్తం బిళ్లలు ఒకేసారి తెచ్చుకోండి. తడి తగలని డబ్బాలో పెట్టి, డబ్బా మీద కుక్క పేరు, వేయాల్సిన పూట రాయండి. గోడ మీది క్యాలెండర్‌లో వేసిన రోజు వేసినట్టు గీత పెట్టండి. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ వేసే ప్రమాదం, లేదా ముగ్గురూ మరిచిపోయే ప్రమాదం ఆ గీతతో తప్పుతుంది.

ఎనిమిదో సలహా: “నోరు తెరవకపోతే చెయ్యి లోపలికి పెట్టి తెరవండి. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది.”

కొట్టినందువల్ల ఏ కుక్కా మందుకు అలవాటుపడలేదు, చేతికి భయపడటం మాత్రం నేర్చుకుంది. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి ఉంది. నిన్నటిదాకా మామూలుగా తిన్న కుక్క ఉన్నట్టుండి మింగలేకపోతుంటే, చొంగ కారుస్తుంటే, దవడ వేలాడుతుంటే, గొంతు మారితే, కారణం లేకుండా కరవడానికి వస్తుంటే, లేదా ఎప్పుడూ లేనంత ముడుచుకుని చీకట్లో దాక్కుంటే దాని నోట్లో చెయ్యి పెట్టకండి. గొంతులో ముల్లు ఇరుక్కుందనుకుని వేళ్లు పెట్టేవాళ్లున్నారు. అది రేబిస్ కావచ్చు. చొంగ గాయానికి తగిలినా చాలు. కుక్కను కట్టేసే ప్రయత్నం కూడా చేయకుండా పిల్లలను దూరం పెట్టి పశువైద్యులకు కబురు చేయండి. చేతికి పళ్లు దిగినా, చొంగ తగిలినా సబ్బుతో పావుగంట పారే నీటి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టండి. ఆకుపసరు, పసుపు, సున్నం ఏవీ దానికి బదులు కావు. రేబిస్ లక్షణాలు మనిషిలో బయటపడ్డాక ప్రాణం నిలబెట్టే మందు లేదు.

మరి ఎలా వెయ్యాలి?

మూడు ముద్దల పద్ధతి నేర్చుకోండి. చేతులు శుభ్రంగా కడుక్కుని ముందు ఉత్త ముద్దలు రెండు కట్టి పక్కన పెట్టండి. ఆ తర్వాతే స్ట్రిప్పు చించి బిళ్లను ఇంకో ముద్దలో దాచండి. ముందే స్ట్రిప్పు పట్టుకున్న వేళ్లతో అన్నీ కడితే ప్రతి ముద్దకూ మందు వాసనే. కుక్క తినే వేళకు ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు పిలవండి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లప్పుడు ఊరంతా వంటలే, అక్కడా ఇక్కడా తిని కడుపు నింపుకున్న కుక్క మీ ముద్దను లెక్కచేయదు. ఆ రోజుల్లో పొద్దున్నే, అది ఊరి మీదికి పోకముందే మందు పని పూర్తి చేయండి. మొదట ఉత్త ముద్ద ఇవ్వండి, నమలనివ్వండి. రెండోసారి బిళ్ల ముద్ద ఇస్తూనే ఇంకో చేతిలో మూడోది దాని ముక్కు ముందు పెట్టండి. ఆ మూడోది అందుకోవాలన్న తొందరలో రెండోదాన్ని నమలకుండా మింగుతుంది. వెంటనే మూడోది ఇచ్చేయండి. దాన్ని చూపించి ఆశపెట్టి ఎగ్గొట్టకండి, ఆ కుక్క రేపు ఒప్పుకోదు.

ముద్దకు లొంగని కుక్కకు చేత్తో వేయాలి. గోడ మూలకు వీపు ఆనేలా కూర్చోబెట్టండి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఎడమ అరచెయ్యి మూతి మీదుగా వేసి, బొటనవేలు ఒక వైపు, మిగతా వేళ్లు ఇంకో వైపు కోరపళ్ల వెనక ఆనించండి. ముక్కు పైకెత్తితే కింది దవడ దానంతటదే కాస్త వదులవుతుంది. కుడిచేతి నడిమి వేలితో కింది ముందుపళ్లు నొక్కి, బిళ్లను నాలుక మధ్యలో వీలైనంత వెనక్కి వదలండి. నాలుక పక్కకు పడితే బుగ్గలో దాచుకుని, మీరు అటు తిరగగానే గోనెసంచి వెనక ఉమ్మేస్తుంది. నోరు మూసి, ముక్కును మళ్లీ మామూలు ఎత్తుకు దించి, గొంతును పై నుంచి కిందికి మెల్లగా నిమరండి. నాలుకతో ముక్కు నాక్కుందంటే మింగినట్టు. అప్పుడు సిరంజితో బుగ్గలోకి ఒక చెంచాడు నీళ్లు వదలండి. డాక్సీసైక్లిన్ బిళ్ల గొంతు గొట్టంలో అంటుకుంటే అక్కడ పుండు పడుతుంది కాబట్టి ఆ నీళ్లు మానకండి. ఆ తర్వాత ఒక ఉత్త ముద్ద పెట్టండి. వెంటనే వాంతి చేసుకుంటే మీకు మీరుగా ఇంకో బిళ్ల వేయకండి, డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి.

ఈ పని జబ్బు చేసినప్పుడే మొదలుపెట్టకూడదు. కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే రెండు మూడు రోజులకోసారి మందు లేకుండా మూడు ముద్దల ఆట ఆడండి. పిల్లగా ఉన్నప్పటి నుంచి పెదవి ఎత్తి పళ్లు చూడండి, మూతి మీద చెయ్యి వేయండి, ప్రతిసారీ ఏదైనా పెట్టండి. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచే వేయాల్సి ఉంటుంది కాబట్టి ఈ అలవాటు ఎప్పుడు మొదలుపెట్టినా తొందరపడినట్టు కాదు. కుక్కల్లోని ఏలికపాములు మట్టి ద్వారా పిల్లలకూ సోకుతాయి. కుక్కకు వేసిన ఆ మందు మీ ఇంట్లో పిల్లలకూ రక్షణే.

ఎలా చేసినా మందు దిగకపోతే అదేమీ మీ చేతకానితనం కాదు. అదే మందు ద్రవంగా దొరుకుతుందా, రోజుకు రెండుసార్లకు బదులు ఒకసారి సరిపోతుందా, ఇంజెక్షన్ ఉందా అని అడగండి. 2022 నుంచి మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి, 1962కు ఫోన్ చేయవచ్చు. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

కొల్లేటి ఊళ్లవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ వారం మీ కుక్కను కాటా ఎక్కించి బరువు రాసిపెట్టుకోండి. రేబిస్ టీకా తేదీ దాటిపోయిందేమో చూడండి. పక్కింట్లో ఎవరైనా కుక్కను వెల్లకిలా పడేసి గొట్టం తెస్తుంటే చూస్తూ ఊరుకోకండి, వెళ్లి ఆపండి. వాళ్లకు కావాల్సింది ఆ కుక్క బతకడమే కాబట్టి ఓపికగా చెబితే వింటారు.